మూడో తరగతి లెక్కలు

నవంబరు 3, సోమవారం

రెండో తరగతి లెక్కల పుస్తకం ఈరోజుతో పూర్తయింది. మా అమ్మాయి ఆరాధనకి పదకొండేళ్ళు. పండగ చేసుకోవాలా, తల బాదుకోవాలా? రెండూ చేశాను. మధ్యాహ్నం సేమ్యా పాయసం వండిపెట్టాను. అది తింటుంటే వంటగదిలోకి వెళ్ళి కాసేపు గోడకి తల ఆనించుకుని నిలబడ్డాను.

జూన్‌లో బడి మాన్పించినప్పుడు చిలకలూరిపేటలో మమ్మల్ని ఎరిగినవాళ్ళంతా అనుకున్నది ఒకటే, మహిమకి పిచ్చి పట్టిందని. తనూ టీచరే కదా, ఊళ్ళో పిల్లలకి పాఠాలు చెప్పి సొంత పిల్లని ఇంట్లో కూర్చోబెట్టుకుంటుందా అని. కూర్చోబెట్టుకుంటుంది. లెక్కల పీరియడ్ ఉన్న రోజు పొద్దున్నే వాంతి చేసుకునే పిల్లని, గోళ్ళు కొరికి కొరికి రక్తం తెచ్చుకునే పిల్లని ఏ తల్లయినా కూర్చోబెట్టుకుంటుంది. ఉద్యోగం కూడా మానేసింది. అంటే నేనే.

ఐదో తరగతి పాసైన పిల్ల. ప్రోగ్రెస్ కార్డులో లెక్కలకి బి గ్రేడ్. ఇంట్లో మొదటి రోజు యాభై రెండులోంచి ఇరవై ఏడు తీసెయ్యమంటే ముప్పై ఐదు వేసింది. ఎలా వచ్చిందమ్మా అంటే, పెద్ద అంకెలోంచే చిన్న అంకె తియ్యాలి కదా, ఏడులోంచి రెండు పోతే ఐదు అంది. ఇన్నేళ్ళూ అలాగే చేస్తోందట. ఎక్కాలు మాత్రం పదహారు దాకా గడగడా అప్పజెబుతుంది. వాటితో ఏం చెయ్యాలో తెలియదు.

అప్పుడే అనుకున్నాను. అర్థమవడం ఎక్కడ ఆగిపోయిందో అక్కడికే వెనక్కి వెళ్దామని. మిగతావన్నీ ఆరో తరగతే. తెలుగు నాకంటే వేగంగా చదువుతుంది. లెక్కలొక్కటే రెండు. రేపటి నుంచి మూడు.

మా ఆయన అనిల్‌కి చెప్పాను. స్పిన్నింగ్ మిల్లులో ఎలక్ట్రీషియన్. డ్యూటీ దిగి వచ్చి జుట్టులో దూది దులుపుకుంటున్నాడు. అందరి పిల్లలూ ముందుకి పోతుంటే నువ్వొక్కదానివే వెనక్కి నడిపిస్తున్నావు, ఎక్కడ ఆపుతావో చెప్పు అన్నాడు. నాకు తెలిస్తే కదా.

నవంబరు 12, బుధవారం

తీసివేతలో అప్పు తెచ్చుకోవడం దగ్గర బండి ఆగిపోయింది. కదలదు.

చీపురు పుల్లలు తుంచి, పదేసి చొప్పున కట్టలు కట్టి రబ్బరు బ్యాండ్లు వేశాను. ఐదు కట్టలు, రెండు విడి పుల్లలు. ఇందులోంచి నాకు ఇరవై ఏడు ఇవ్వు అన్నాను. రెండు కట్టలు ఇచ్చింది. రెండు విడి పుల్లలూ ఇచ్చింది. ఇంకో ఐదు ఇవ్వాలి. ముందు మూడు కట్టలు ఉన్నాయి. ముట్టుకోదు. ఒక కట్ట విప్పమ్మా అంటే చేతులు వెనక్కి పెట్టుకుంది.

నాకు కోపం వచ్చింది. ఓర్పు నా ఒంట్లో పుట్టలేదు. విప్పవే అని అరిచాను. అరిచాక నోరు మూసుకుని కిటికీలోంచి హైవే మీద పత్తి లారీలు చూస్తూ కూర్చున్నాను. చాలాసేపటికి రబ్బరు బ్యాండ్ చప్పుడైంది. పుల్లలు చాప మీద పరుచుకున్నాయి. లెక్కపెట్టింది. పది. మళ్ళీ లెక్కపెట్టింది. పదే.

అమ్మా, కట్ట విప్పితే పుల్లలు పోవు కదా అంది.

ఎంత ఆశ్చర్యంగా అందో. ఐదు కొట్టేసి నాలుగు వెయ్యమన్న ప్రతిసారీ ఒక పది ఎక్కడికో పోయిందని దీనికి భయం. ఏదో పోగొట్టానని తిడతారని భయం. అందుకే ఇన్నేళ్ళూ ఆ ఐదుని ముట్టుకోలేదు, అడ్డదారిన పోయింది. ఈ మాట ఒక్కరూ దాన్ని అడగలేదు.

యాభై రెండులోంచి ఇరవై ఏడు. ఇరవై ఐదు. సాయంత్రం దాకా కట్టలు విప్పుతూ కడుతూ ఉంది. భోజనానికి పిలిస్తే రాలేదు.

నవంబరు 20, గురువారం

పక్క పోర్షన్ నసీమున్నీసా అక్క జాకెట్లు కుడుతుంది. నోరు పెద్దది, మనసు మంచిది. మెట్ల మీద ఆరాధనని పట్టుకుని ఏం క్లాసే నువ్విప్పుడు అని అడిగింది. ఇదేమో తాపీగా, తెలుగు ఆరు, ఇంగ్లీషు ఆరు, సైన్సు ఆరు, లెక్కలు మూడు అని చెప్పింది. అదేంటే, ఒక్క పిల్లకి రెండు తరగతులా అని అక్క పడీపడీ నవ్వింది. ఇదీ నవ్వింది.

నవ్వింది! బడిలో ఉన్నప్పుడు వేళ్ళు బెంచీ కింద దాచి లెక్కపెట్టేది. ఇవాళ బల్ల మీదే పెట్టి లెక్కపెట్టింది. నాకు ఇంకేం అక్కర్లేదు.

డిసెంబరు 26, శుక్రవారం

నిన్న చేసిన పని ఎక్కడైనా రాసుకోకపోతే నిద్ర పట్టేలా లేదు.

క్రిస్మస్‌కి మార్టూరు అవతల మామయ్యగారి పల్లెకి వెళ్ళాం. మామయ్య జక్రయ్య మాస్టారంటే ఆ చుట్టుపక్కల తెలియనివాళ్ళు లేరు. మిషన్ బడిలో హెడ్‌మాస్టరుగా రిటైరయ్యారు. లెక్కల మాస్టారు. ఇప్పుడు చర్చిలో సంఘపెద్ద, రెండెకరాల మిరప. మా ఆడపడుచు లిడియా వదిన వాళ్ళతో ఉంటారు.

భోజనాల దగ్గర వదిన కొడుకు ఏదో ఒలింపియాడ్‌లో మెడల్ కొట్టిన కబురు. అందరూ ఆ మెడల్ని చేతులు మార్చి మార్చి చూశారు. తర్వాత వదిన నా వైపు తిరిగి, గుంటూరులో ఇలాంటి పిల్లలకి స్పెషల్ స్కూలుందంట మహిమా, సిగ్గుపడమాక, మనోళ్ళే కదా అడుగుతున్నాం అంది. ఎంత ప్రేమగా అందో! ఇలాంటి పిల్లలు. ఆరాధన అక్కడ లేదు, బయట పిల్లలతో క్రిస్మస్ స్టార్ కింద ఆడుకుంటోంది.

మామయ్యగారు వదినని నువ్వుండవే అని కసిరి, అమ్మాయ్, మన పాప లెక్కల్లో ఎక్కడిదాకా వచ్చింది అని అడిగారు. ఆయన ఎగతాళికి అడగలేదు. నిజంగా తెలుసుకుందామనే అడిగారు.

ఆరులోకి వచ్చేసింది మామయ్యగారూ, ఫ్రాక్షన్స్ నడుస్తున్నాయి అన్నాను.

ఆయన ముఖం వెలిగిపోయింది. అనిల్ నా ఎదురుగానే ఉన్నాడు. మూడో తరగతి అని అతనికి తెలుసు. పెరుగు కలుపుకుంటూ ఉండిపోయాడు.

డిసెంబరు 27, శనివారం

నన్ను తిడతాడనుకున్నాను. తిట్టలేదు. మా నాన్న అంత సంతోషంగా ఉండటం ఈ మధ్య చూళ్ళేదు, అన్న మాట నిజం చెయ్యి అన్నాడు. ఫిబ్రవరి చివర గుంటూరులో హాస్టల్ స్కూలు వాళ్ళు ఏడో తరగతికి టెస్ట్ పెడుతున్నారట, అప్లై చేస్తానన్నాడు. రాసి పాసైతే సరే, నీ దగ్గరే ఉంచుకో, నేనేం అడగను. ఫెయిలైతే మాత్రం జూన్‌లో అదే హాస్టల్లో ఫౌండేషన్ బ్యాచ్‌లో వేస్తాను, వాళ్ళే దారికి తెస్తారు అన్నాడు.

దారికి తేవడమంటే ఏంటో ఆ పిల్ల గోళ్ళని అడగాలి.

జనవరి 9, శుక్రవారం

కొత్త సంవత్సరం నుంచి పరిగెత్తిస్తున్నాను. మూడు సగంలో వదిలేసి నాలుగుకి దూకాం. నాలుగులో పేజీలు వదిలేసి ఐదు. భాగహారం ఇలా వేస్తారు, కారణం తర్వాత చెబుతాను, ముందు వెయ్యి. ఈ మాట నేనే అన్నాను. బడిలో ఏ మాట విని పిల్లని మాన్పించానో ఆ మాటే.

వేస్తోంది. చెప్పినట్టే వేస్తోంది. మర్నాడు మర్చిపోతోంది. మొన్న యాభై రెండులోంచి ఇరవై ఏడు మళ్ళీ అడిగాను, ఊరికే. ముప్పై ఐదు వేసింది.

ఈరోజు దాని కుడిచేతి చూపుడువేలు చూశాను. గోరు సగానికి లేదు.

ఐదు, నాలుగు పుస్తకాలు అటక మీద పెట్టేశాను. చీపురు పుల్లలు మళ్ళీ దించాను. మూడో తరగతి, ఎక్కడ వదిలామో అక్కడ. ఏడో తరగతి టెస్టుకి రెండు నెలలు కూడా లేదు. టెస్ట్ గంగలో కలవనీ. అనిల్‌కి చెప్పలేదు.

జనవరి 19, సోమవారం

కట్ట విప్పింది. ఇరవై ఐదు వచ్చింది. గోరు వస్తోంది.

ఫిబ్రవరి 8, ఆదివారం

అక్షరాలు ఎలా వస్తే అలా రానీ.

మామయ్యగారి చర్చిలో ఈరోజు కోతల పండగ. గుమ్మానికి చెరుకుగడలు, లోపల బలిపీఠం ముందు గుమ్మడికాయలు, పత్తి బుట్టలు, కాళ్ళు కట్టేసిన కోళ్ళు. ఎవరి పంటలో మొదటి భాగం వాళ్ళు తెచ్చి పెడతారు. ఆరాధన అందరిలాగే సంచి నిండా వంకాయలు మోసుకొచ్చి పెట్టింది. అంతా బాగుంది. సాక్ష్యాల సమయం వచ్చేదాకా.

ఒకామెకి మోకాళ్ళ నొప్పి తగ్గింది. ఒకతని చేలో బోరు పడింది. ఒక్కొక్కళ్ళు లేచి దేవునికి స్తోత్రం అంటారు, సంగతి చెబుతారు, అందరూ ఆమేన్ అంటారు. తర్వాత మామయ్యగారు లేచారు. ఆయన ఎప్పుడూ సాక్ష్యం చెప్పరు. లెక్కల మనిషి, లేనిపోనివి మాట్లాడరు. అందుకే అందరూ ఆయన వైపు తిరిగారు.

నా మనవరాలు ఆరాధన లెక్కల్లో వెనకబడిందని నేను చాలా ఏడ్చాను, ఎవరికీ తెలియకుండా ఏడ్చాను. పోయిన వేసవిలో మొక్కుకున్నాను, ఈ పిల్ల తన తరగతికి చేరుకుంటే మొదటి కోతలో ఒక టిక్కీ కాయలు దేవుడి సన్నిధిలో పెడతానని. చేరుకుంది. క్రిస్మస్‌కి నా కోడలే చెప్పింది. ఆరో తరగతి లెక్కలు చేస్తోంది. దేవునికి స్తోత్రం.

చర్చి మొత్తం ఆమేన్ అంది. ఇద్దరు మనుషులు ఆ టిక్కీని, నిండా కూరిన గోనెసంచిని, మోసుకొచ్చి ముందు పెట్టారు. ఎర్రటి తేజ రకం మిరపకాయలు, తాలు ఒక్కటి లేకుండా ఏరించినవి. ఘాటుకి ముందు వరసలో తుమ్ములు.

ఆరాధన నా కొంగు లాగింది. అమ్మా, తాతయ్య తప్పు చెప్పారు, నేను మూడు కదా అంది. గుసగుసగానే అంది. నేను ష్ అన్నాను.

అది నా ముఖంలోకి చూసింది. అలా ఎప్పుడూ చూడలేదు.

పాస్టరు నతానియేలు గారు దాన్ని ముందుకి పిలిచి తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. ఆరాధన కళ్ళు మూసుకోలేదు. ఆ తర్వాత కానుకల వేలంపాట. టిక్కీ ఎవరో పాడుకుని బండికెత్తుకుని వెళ్ళిపోయారు కూడా.

ఇంట్లో చెప్పిన అబద్ధం ఇప్పుడు బలిపీఠం దాకా పోయింది. మామయ్యగారి నోటితో చెప్పించాను. జీవితంలో ఒక్క లెక్క తప్పు వెయ్యని మనిషి నోటితో.

ఫిబ్రవరి 10, మంగళవారం

ఫోన్ వచ్చింది. రేపు వస్తారట. పాపని కళ్ళారా చూసుకోవాలి, పక్కన కూర్చోబెట్టుకుని నాలుగు లెక్కలు చేయించాలని ఉంది అమ్మాయ్ అన్నారు. రండి మామయ్యగారూ అన్నాను. ఇంకేమంటాను?

అనిల్‌ని అడిగాను, ఇప్పుడు చెప్పేద్దామా అని. టిక్కీ ఇచ్చేశాక చెబుతావా, ఊళ్ళో మా నాన్న తలెత్తుకోవద్దా అన్నాడు. హాల్ టికెట్ కూడా వచ్చిందన్నాడు. ఫ్రిజ్ మీద పెట్టి, ఎగిరిపోకుండా ఉప్పు డబ్బా పెట్టాడు.

సాయంత్రం ఆరాధనని దగ్గర కూర్చోబెట్టుకున్నాను. రేపు తాతయ్య లెక్క ఇస్తే కడుపు నొప్పి అని చెప్పు తల్లీ, ఈ ఒక్కసారికే అన్నాను.

సరే అంది. ఎందుకు అని అడగలేదు. ప్రతిదానికీ ఎందుకు అని ప్రాణం తీసే పిల్ల.

ఫిబ్రవరి 11, బుధవారం, మధ్యాహ్నం

వచ్చారు. ఎండన పడి, బస్సు దిగి నడుచుకుంటూ. చేతిలో జామెట్రీ బాక్స్, కొత్తది. ఆరో తరగతికి వచ్చినవాళ్ళకి ఇది కావాలి కదా అని ఆరాధన ఒళ్ళో పెట్టారు. అది మూత తీసి కంపాస్ పట్టుకుని సంబరపడింది. ఒక పేపరు నిండా సున్నాలు గీసింది. ఆయనా చూసి మురిసిపోయారు. ఈ పూటకి గండం గడిచింది అనుకున్నాను.

కాఫీ తాగాక కళ్ళజోడు పెట్టుకున్నారు. పేపరు మీద ఆయన గుండ్రటి అంకెలతో మూడు బై నాలుగు ప్లస్ రెండు బై మూడు అని వేసి దాని ముందుకి జరిపారు.

ఆరాధన పేపరుని చూసింది. నన్ను చూసింది. కడుపు నొప్పి తాతయ్యా అంది. అని, అక్కడే, చాప మీద, భళ్ళున వాంతి చేసుకుంది.

జూన్ తర్వాత ఇదే మొదటిసారి.

మామయ్యగారు కంగారుపడి తన కండువాతోనే దాని మూతి తుడిచారు. ఒళ్ళో పడుకోబెట్టుకుని ప్రార్థన చేశారు. వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర ఆగి, మరీ రుద్దుతున్నట్టున్నావు అమ్మాయ్, చేరాల్సిన చోటికి చేరింది కదా, ఇక కొంచెం నెమ్మదిగా చెప్పు అన్నారు. నా మీద కోపం కూడా లేదు ఆయనకి.

నెమ్మదిగా చెప్పమని నాకు! ఎనిమిది నెలలుగా ఊరంతటితో నేను పోట్లాడుతున్నది దాని కోసమే.

ఫిబ్రవరి 12, గురువారం

లెక్కలకి కూర్చుంది. చేతులు బల్ల కింద ఉన్నాయి.

పైన పెట్టుకోమ్మా అన్నాను. పెట్టలేదు. అమ్మా, మూడో తరగతి సిగ్గా అని అడిగింది. కాదు అన్నాను. మరి తాతయ్యకి ఎందుకు చెప్పకూడదు అంది.

వంటగదిలో పనుందని లేచిపోయాను. ఏ పనీ లేదు.

ఫిబ్రవరి 14, శనివారం

రెండు రోజులుగా ఒకటే ఆలోచన. స్కూల్లో దాన్ని లెక్కలు రావని నిలబెట్టారు. అవమానమే. కానీ అప్పుడు దానికి తిరిగి రావడానికి ఒక ఇల్లుంది. ఇప్పుడు ఇంట్లోనే దాచుకోమన్నాను. దాచమన్నది అమ్మ. ఇక ఎక్కడికి పోతుంది?

టిక్కీ పోయిందనీ మామయ్యగారి పరువు పోతుందనీ ఎన్ని చెప్పుకున్నా, నేను కాపాడుకుంటున్నది నన్నే. లిడియా వదిన ముందు నా ముఖాన్ని. అంతకు మించి ఏం లేదు.

ముందు ఇంటికెళ్ళి మామయ్యగారికి ఒక్కరికే చెప్పడం మర్యాద. ఆ మాట తెలుసు. కానీ ఆయన సాక్ష్యం చెప్పింది సంఘం ముందు. ఇంట్లో చెబితే ఆ సాక్ష్యం అలాగే ఉండిపోతుంది, దాన్ని ఆయనే మోయాలి. పైగా ఇంట్లో అయితే నేను మళ్ళీ జారుకుంటాను. నా సంగతి నాకు తెలుసు.

రేపు పల్లెకి వెళ్తున్నాం అన్నాను. అనిల్ నా ముఖం చూసి ఎందుకో కనిపెట్టాడు. వద్దు మహిమా అన్నాడు. రెండుసార్లు అన్నాడు. గొంతు చిన్నగా ఉంది. కోపం కాదది, భయంలా ఉంది. ఎందుకు భయమో నాకు అర్థం కాలేదు.

ఫిబ్రవరి 15, ఆదివారం

కోటప్పకొండ తిరునాళ్ళ. మా ఊళ్ళో ఎన్నార్టీ సెంటర్ దగ్గరే కొండకి వెళ్ళే ప్రభలకీ ట్రాక్టర్లకీ బస్సు ఇరుక్కుపోయింది. మైకుల హోరు. ఇక చర్చిలో ప్రార్థన అందకపోతే బాగుండు, వెనక్కి వెళ్ళిపోదాం అని లోపల ఒక పిరికి గొంతు. ఇటు నా పక్కన కూర్చున్న ఆరాధనేమో కిటికీలోంచి ప్రభలు చూస్తూ, ఎత్తు ఎంతుంటుందని వాళ్ళ నాన్నని విసిగిస్తోంది. 

వెళ్ళేసరికి రెండో పాట అవుతోంది. అనిల్ మగవాళ్ళ వైపు, మేమిద్దరం ఆడవాళ్ళ వైపు. మామయ్యగారు పెద్దల బెంచీలో. మమ్మల్ని చూసి తల ఊపారు.

సాక్ష్యాలు ఎవరైనా చెబుతారా అని నతానియేలు గారు అడగ్గానే చెయ్యెత్తాను. లేచాను. దేవునికి స్తోత్రం అన్నాను. పోయిన ఆదివారం మామయ్యగారు చెప్పిన దాంట్లో తప్పుంది, ఆ తప్పు ఆయనది కాదు, ఆయనకి అబద్ధం చెప్పింది నేను అన్నాను.

అంతవరకే వచ్చింది. తర్వాతి మాట రాలేదు. ఫ్యాన్లు తిరుగుతున్న చప్పుడు. లిడియా వదిన నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. చెప్పమ్మా అని పాస్టరు గారు మెల్లగా అన్నారు. నోరు తెరిచాను. గాలి తప్ప ఏం లేదు.

పక్కన బట్టల చప్పుడైంది. ఆరాధన లేచి నిలబడింది.

దేవునికి స్తోత్రం అంది, పెద్దవాళ్ళు అన్నట్టే. నేను తెలుగులో ఆరో తరగతి, లెక్కల్లో మూడో తరగతి. తాతయ్యా, మొన్న మీరిచ్చిన లెక్క నాకింకా రాదు. కట్ట విప్పితే పుల్లలు పోవని మాత్రం తెలిసింది. ఇంతకుముందు పోతాయనుకునేదాన్ని. అందుకు స్తోత్రం.

కూర్చుంది. రెండు చేతులూ ముందు బెంచీ మీద పెట్టుకుని కూర్చుంది.

ఎవరూ ఆమేన్ అనలేదు. దేనికి అనాలో వాళ్ళకి మాత్రం ఏం తెలుస్తుంది. మామయ్యగారు తల దించుకుని ఉన్నారు. పాస్టరు గారు పాట నంబరు చెప్పారు. అందరిలోకి ఎత్తుగా వినిపించే గొంతు మామయ్యగారిది. ఆ పాటలో వినిపించలేదు.

బయటికి వచ్చాక ఎదురెళ్ళాను. కాళ్ళ మీద పడేదాన్నే. చెయ్యి అడ్డం పెట్టి ఆపారు. పెట్టిన టిక్కీ వెనక్కి రాదమ్మాయ్, దేవుడి ముందు నన్ను అబద్ధికుణ్ణి చేశావు అన్నారు. అంతే. భోజనానికి ఉండమని కూడా అనలేదు. ఆరాధన తాతయ్యా అని పిలిచింది. వినపడలేదో, వినపడినా తిరగలేదో.

ఫిబ్రవరి 17, మంగళవారం

అనిల్ రెండు రోజులు మాట్లాడలేదు. ఈరోజు డ్యూటీ నుంచి వచ్చి, స్నానం కూడా చెయ్యకుండా ఆరాధన చాప పక్కన కూర్చున్నాడు. దూది అంతా చాప మీద. ఒక కట్ట తీసుకుని రబ్బరు బ్యాండ్ లాగుతూ, వదులుతూ ఉన్నాడు.

ఆరాధన ఆడుకోవడానికి కిందికి వెళ్ళాక చెప్పాడు. టెన్త్‌లో లెక్కలు రెండుసార్లు పోయాయట. జక్రయ్య మాస్టారి కొడుకు లెక్కల్లో తప్పడం ఊళ్ళో పెద్ద కబురట. మూడోసారి గట్టెక్కాడు. ఇంటర్ వద్దని ఐటీఐలో చేరాడు. ఆ తర్వాత ఆయన లెక్కల మాట తన దగ్గర ఎప్పుడూ ఎత్తలేదట. కొట్టి ఉంటే బాగుండేది, మాట్లాడటం మానేశారు అన్నాడు. పెళ్ళయి పదమూడేళ్ళు, నాకు ఐటీఐ అంటే ఇష్టపడి చేరాడనే తెలుసు.

ఇది నాలాగే అవుతుందని భయం మహిమా, హాస్టల్లో వేస్తే కాకుండా ఉంటుందేమోనని అన్నాడు. కళ్ళలో నీళ్ళు. దూది పడిందన్నాడు. పడిందేమో.

హాల్ టికెట్ ఫ్రిజ్ మీదే ఉంది. నేను అడగలేదు. అతనూ ఎత్తలేదు.

ఫిబ్రవరి 24, మంగళవారం

మామయ్యగారు ఫోన్ ఎత్తడం లేదు. లిడియా వదిన ఎత్తి, నాన్న కళ్ళంలో కాయల దగ్గర ఉన్నాడు, పొద్దస్తమానం అక్కడే కూర్చుంటున్నాడు, ఎవరితో మాట్లాడటం లేదు అంది. నన్నేమీ అనలేదు. అంటే బాగుండేది.

ఫిబ్రవరి 28, శనివారం

పదిన్నర. గుంటూరులో టెస్ట్ మొదలై ఉంటుంది. పొద్దున అనిల్ బండి తీశాడు. ఆరాధనని టెస్టుకి తీసుకెళ్తాడేమో అనుకున్నాను. ఒక్కడే వెళ్ళాడు, బస్టాండుకి. మామయ్యగారు ఒంగోలు బస్సు కండక్టరుకి ఇచ్చి పంపారని ఒక సంచి తెచ్చాడు.

పైన ఎండు మిరపకాయలు. కింద చీపురు పుల్లలు, ఒకే పొడవుకి కోసి, టిక్కీలు కుట్టే పురికొసతో పదేసి కట్టినవి. సంచి నిండా.

ఆరాధన అన్నీ విప్పి లెక్కపెట్టింది. ఒక కట్టలో పదకొండు వచ్చాయి. తాతయ్య తప్పు కట్టారని ఎగిరి గంతేసి తనే ఫోన్ చేసింది. ఎత్తారు.

విప్పి మళ్ళీ కట్టుకో తల్లీ, పుల్లెక్కడికీ పోదు అన్నారట.